ఇబెయీ రెండో ఆల్బమ్ 'యాష్' ఇంత చీకటిగా ఎందుకు మారింది?

అనంత_వీణ
ఇబెయీ అనే పేరుతో పాడే ఫ్రెంచి-క్యూబన్ కవల అక్కచెల్లెళ్లు లీసా కైండే దియాజ్, నయోమీ దియాజ్‌ల మొదటి ఆల్బమ్ (2015) నాకు ఎంతో ఇష్టం. పియానో, కహోన్ అనే దరువు పెట్టె, రెండు గొంతులు, వాటి వెనక సన్నగా ఎలక్ట్రానిక్ శబ్దాలు, అంతే. అనంతపురంలో మా మేడ మీద రాత్రిపూట 'రివర్' వింటుంటే పక్కనే ఏరు పారుతున్నట్టు ఉండేది. మన జిల్లాలో అది ఎంత అపురూపమో ఇక్కడున్న వాళ్లకు చెప్పనక్కరలేదు.

అదే ఇష్టంతో 2017లో వచ్చిన 'యాష్' మొదలుపెట్టాను. ఎంత విన్నా మనసుకు పట్టడం లేదు. పియానో వెనక్కి పోయింది, డ్రమ్ములు మీద పడుతున్నాయి, గొంతులను ముక్కలుగా కోసి మళ్లీ అతికించారు, 'మీ వోయ్' పాటలోనైతే ఆటోట్యూన్ కూడా పెట్టారు. మాటల నిండా కోపం, భయం, రాజకీయం. ఇంత హాయిగా పాడగలిగిన వాళ్లు ఇలా చీకట్లోకి ఎందుకు వెళ్లారు? పేరు వచ్చాక కంపెనీ వాళ్లు పట్టుబట్టి మార్పించారా, లేక ఇది వాళ్లకే కావాలనిపించిందా? రెండు ఆల్బమ్‌లూ శ్రద్ధగా విన్నవాళ్లు చెప్పండి.

ఓర్వకల్లు_రాయి
నాది కూడా ఇదే అభిప్రాయం. మొదటి ఆల్బమ్ వింటే ఇద్దరు మనుషులు మన ఎదురుగా కూర్చుని పాడినట్టు ఉంటుంది. రెండోది వింటే వాళ్లకూ మనకూ మధ్య యంత్రాలు వచ్చి నిలబడ్డాయి.

బురుజు_కర్నూలు
మొదటిది వెలుగు, రెండోది చీకటి అనే లెక్కే నేను ఒప్పుకోలేను వీణ గారూ. మొదటి ఆల్బమ్‌లో పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. వాళ్ల నాన్న మిగెల్ అంగా దియాజ్ క్యూబాలో పేరుమోసిన కాంగా డ్రమ్ముల వాద్యకారుడు, బ్యూనా విస్టా సోషల్ క్లబ్ అనే క్యూబా సంగీత బృందం కళాకారులతో కలిసి వాయించినవాడు. 2006లో ఆయన పోయేనాటికి ఈ పిల్లలకు 11 ఏళ్లు. వాళ్ల పెద్దక్క యనీరా 2013లో పోయింది. మొదటి ఆల్బమ్‌లో 'యనీరా' అనే పాట ఆమెదే, 'థింక్ ఆఫ్ యూ' నాన్నది, 'మామా సేస్' భర్త పోయాక కుంగిపోయిన తల్లిని చూస్తూ కూతుళ్లు పాడినది. ఒక ఇంట్లో ఇన్ని చావులు ఉన్న ఆల్బమ్‌ను హాయిగా ఉందని మనం విన్నామంటే అది వాళ్ల గొంతుల గొప్పతనమే తప్ప అక్కడ చీకటి లేదని కాదు.

నా దృష్టిలో రెండో ఆల్బమ్‌లో జరిగింది వేరు. ఇంటి లోపలి దుఃఖం అయిపోయిన చోట బయటి లోకం మొదలైంది.

పెన్నా_ఒడ్డు
వీణ గారూ, దేని మీద విన్నారు? ఫోను స్పీకరు మీదనా, హెడ్‌ఫోన్‌లోనా, పెట్టెల మీదనా? నేను కావాలనే అడుగుతున్నాను, దయచేసి చెప్పండి.

అనంత_వీణ
ఎక్కువగా ఫోను స్పీకరు మీదనే. మొదటి ఆల్బమ్ కూడా అలాగే విన్నాను కదా, అది బాగానే ఉంది.

పెన్నా_ఒడ్డు
తేడా సరిగ్గా అక్కడే ఉంది. నేను ప్రొద్దుటూరులో సౌండ్ సిస్టమ్ పని చేస్తాను, పెళ్లిళ్లు, జాతరలు, పీర్ల పండుగ, అన్నింటికీ పెట్టెలు కట్టేది మేమే. ఫోను స్పీకరులో 100 హెర్ట్జ్ కిందికి దాదాపు ఏమీ పలకదు. మొదటి ఆల్బమ్‌లో పాటను మోసేది గొంతు, పియానో; అవి మధ్యస్థాయిలో ఉంటాయి కాబట్టి చిన్న స్పీకరులో కూడా బతికిపోతాయి. 'యాష్'లో పాటను మోసేది కింది స్థాయి. 'డెత్‌లెస్' తీసుకోండి: కింద బేస్, డ్రమ్ము కలిసి నెమ్మదిగా బరువుగా నడుస్తుంటే దాని మీద గొంతులు, ఆ పైన కమాసీ వాషింగ్టన్ శాక్సోఫోన్ ఎక్కుతాయి. ఫోనులో ఆ కింది భాగం మొత్తం పోయి పై రెండూ ఆధారం లేకుండా వేలాడుతాయి. అప్పుడు పాట పలచగా, గరుకుగా అనిపించడం సహజం.

నిన్న రాత్రి పని అయిపోయాక గోడౌన్‌లో సబ్‌వూఫర్ పెట్టెలు రెండు కలిపి ఈ ఆల్బమ్ మొదటి నుంచి పెట్టాను. మొదటి పాట 'ఐ క్యారీడ్ దిస్ ఫర్ ఇయర్స్'లో బల్గేరియా స్త్రీల బృందగానం శాంపిల్‌గా, అంటే వేరే రికార్డు నుంచి తీసిన ముక్కగా వస్తుంది. ఆ గొంతులను పూర్తిగా సాగనివ్వకుండా, ఊపిరి పీల్చే చోట తెగ్గోసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. పెద్ద పెట్టెల మీద వింటే ఆ తెగిన చోట వచ్చే నిశ్శబ్దం కూడా దెబ్బలాగే తగులుతుంది. రేకు షెడ్డు బోల్టులు గలగలమన్నాయి. మీరు ఫోను పక్కన పెట్టి ఒక మాదిరి హెడ్‌ఫోన్ అయినా పెట్టుకుని వినండి, ఆ తరువాత నచ్చలేదంటే అది మీ ఇష్టం.

నల్లమల_నడక
పెన్నా అన్న చెప్పింది అక్షరాలా నిజం. శ్రీశైలం ఘాట్‌లో కారులో విన్నప్పుడు ఒక రకంగా, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద విన్నప్పుడు ఇంకో రకంగా ఉంది. అదే ఆల్బమ్ అని నమ్మబుద్ధి కాలేదు.

ఓర్వకల్లు_రాయి
మంచి పెట్టెల మీద పెడితే ఏ పాటకైనా బలం వస్తుంది. నా అభ్యంతరం శబ్దం నాణ్యత గురించి కాదు. గొంతును ముక్కలు చేసి యంత్రంలో వేస్తే ఆ గొంతు వెనక ఉన్న మనిషి ఎక్కడికి పోయిందన్నదే నా ప్రశ్న.

తాడిపత్రి_దరువు
రాయి గారి ప్రశ్నకు వాద్యం వైపు నుంచి జవాబు చెప్పాలనుంది. వాళ్ల నాన్న పోయిన మరునాడే నయోమీ ఆయన కహోన్ మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టిందని ఆ అక్కచెల్లెళ్లే చాలా చోట్ల చెప్పారు. కహోన్ అంటే మనిషి ఎక్కి కూర్చుని ముందు పలకను అరచేతులతో కొట్టే చెక్కపెట్టె. దానితో పాటు ఆమె వాయించేది బటా. అవి మూడు డ్రమ్ములు, నడుము సన్నగా ఉండి రెండు పక్కలా తోలు ఉంటుంది, ఒళ్లో అడ్డంగా పెట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు. ఆఫ్రికాలోని యోరుబా జనాన్ని బానిసలుగా పట్టుకొచ్చి క్యూబాలో చెరకు తోటల్లో పని చేయించినప్పుడు వాళ్లతో పాటు వచ్చిన వాద్యం అది, వాళ్ల దేవతలను పిలవడానికి వాయించేది. పూజకు ప్రతిష్ఠించిన బటాలను ఆడవాళ్లు ముట్టకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. అలాంటి వాద్యం ఒక ఆడపిల్ల చేతికి వచ్చి, లండన్ స్టూడియోలో కంప్యూటర్ బీట్ పక్కన నిలబడింది. మనిషి ఎక్కడికీ పోలేదు రాయి గారూ, మొదటి ఆల్బమ్‌లో వెనక కూర్చున్న మనిషి రెండో ఆల్బమ్‌లో ముందుకొచ్చి కూర్చుంది.

మన అనంతపురం ఉరుముల వాళ్లను చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. గ్రామదేవత జాతరలో ఉరుమును ఒక పక్క పుల్లతో రాస్తూ, రెండో పక్క కొడుతూ ఉంటే వచ్చే మోత వినడానికి హాయిగా ఉండాలని ఎవరూ వాయించరు. నేను చూసినంతలో దాన్ని మగవాళ్లే వాయిస్తారు. ఆ మోత దగ్గర నిలబడితే ఒంట్లో ఏదో కదులుతుంది, పూనకం వచ్చేవాళ్లకు వస్తుంది. అది దేవతను రప్పించడానికి చేసే శబ్దం. 'యాష్'లోని డ్రమ్ముల బరువును నేను ఆ కోవలోనే వింటాను, అందుకే నాకు అది మొదటి ఆల్బమ్ కంటే దగ్గరిదిగా అనిపించింది.

దేవుని_కడప_సుధ
దరువు గారి పోస్టును మళ్లీ మళ్లీ చదివాను. కంపెనీ ఒత్తిడి సంగతి వీణ అడిగింది కాబట్టి దానికి ముందు జవాబు. రెండు ఆల్బమ్‌లకూ నిర్మాత ఒక్కరే, వాళ్ల రికార్డు కంపెనీ ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ నడిపే రిచర్డ్ రస్సెల్. పేరు వచ్చాక ఎవరో కొత్త మనిషి వచ్చి అమ్మకాల కోసం శబ్దం మార్చమన్న పరిస్థితి అక్కడ లేదు. పైగా అక్కచెల్లెళ్లిద్దరి అభిరుచులు మొదటి నుంచీ వేరు. లీసా పియానో ముందు కూర్చుని బాణీ కట్టే మనిషి, నయోమీకి ర్యాప్, డ్యాన్స్‌హాల్ అనే జమైకా నాట్యసంగీతం ఇష్టం. రెండో ఆల్బమ్‌లో నయోమీ చెవికి ఎక్కువ చోటు దొరికింది.

ఇక చీకటి ఎందుకు అన్నదానికి 'డెత్‌లెస్' వెనక ఉన్న కథ తెలిస్తే చాలు. లీసాకు 16 ఏళ్లప్పుడు ఫ్రాన్సులో ఒక పోలీసు ఆమెను ఆపాడు. సిగరెట్లు తాగుతావా, మత్తుమందు వాడతావా అని అడిగి, చెప్పులు విప్పించి, సంచీ లాక్కుని అందులో ఉన్నవన్నీ నేల మీద కుమ్మరించాడు. వాటిలో పియానో స్వరాల కాగితాలు కనబడేసరికి ఆమె సంగీతం నేర్చుకునే పిల్ల అని తెలిసి వదిలేశాడు. ఆ కాగితాలు లేకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆమెను ఏళ్లపాటు వదల్లేదు. ఆ పాటలో తమను ఎవరూ చంపలేరని పాడే పల్లవి ఆ నేల మీద నుంచి పుట్టింది.

నాకు ఈ పాట పరాయిది కాదు. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం ఒక పెద్ద నగరానికి వెళ్లినప్పుడు అక్కడి ఒక దుకాణంలో కాపలా మనిషి అందరినీ వదిలేసి నా మాట తీరు, నా బట్టలు చూసి నా సంచీ ఒక్కటే తెరిపించాడు. సర్టిఫికెట్ల కవరు బల్ల మీద పెట్టాడు. మా అమ్మ కట్టించిన చెనిక్కాయల పొడి డబ్బా మూత తీసి వాసన చూశాడు. పొడి కొంచెం సర్టిఫికెట్ల మీద పడింది. చుట్టూ నిలబడ్డవాళ్లు చూస్తూ ఉండిపోయారు. నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, ఏడుపు వచ్చి ఉంటే మొదటి ఆల్బమ్ సరిపోయేది. వచ్చింది వేరే. దానికి 'డెత్‌లెస్' లాంటి పాటే కావాలి.

అనంత_వీణ
సుధక్కా, ఆ పోలీసు సంగతి నాకు తెలియదు. పాట మాటలు విన్నాను గానీ వెనక ఇంత ఉందని ఎక్కడా చదవలేదు. మీ డబ్బా సంగతి చదివాక పాట మళ్లీ పెట్టుకున్నాను, ఈసారి హెడ్‌ఫోన్‌లోనే.

బురుజు_కర్నూలు
సుధ గారు చెప్పిన దానికి కాలం కూడా కలపాలి. 2016 చివర్లో అమెరికా ఎన్నికలు జరుగుతున్న రోజుల్లోనే ఈ ఆల్బమ్ తయారైంది. 'నో మ్యాన్ ఈజ్ బిగ్ ఎనఫ్ ఫర్ మై ఆర్మ్స్' పాటలో వినిపించేది అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా న్యూ హాంప్‌షైర్‌లో చేసిన ప్రసంగం. ఏ సమాజాన్నైనా అది ఆడవాళ్లను, ఆడపిల్లలను చూసుకునే తీరును బట్టి కొలవాలని ఆమె అన్న మాటను తీసుకుని లూప్ చేసి, దాని చుట్టూ తమ గొంతులు అల్లారు. 'ట్రాన్స్‌మిషన్' పాటలో వాళ్ల అమ్మ, మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో డైరీలోని భాగం స్పానిష్‌లో చదువుతుంది, మిషెల్ ఎన్‌డెగెయోచెల్లో బేస్ గిటార్ వాయిస్తుంది. ఆల్బమ్ మొత్తంలో ఇంకొంతమంది ఆడవాళ్ల గొంతులను తెచ్చి పక్కన నిలబెట్టుకున్నారు. బల్గేరియా బృందం, ఒబామా, కాలో, అమ్మ, స్పానిష్ ర్యాపర్ మాలా రోద్రీగెస్. మొదటి ఆల్బమ్‌లో ఇద్దరే ఉన్నారు, ఇక్కడ ఒక గుంపు ఉంది.

ఓర్వకల్లు_రాయి
ఆ ప్రసంగం పాట గురించే నేను మాట్లాడదామనుకున్నాను, బురుజు గారే తీసుకొచ్చారు. ఆ మాట సత్యమే, నేను కాదనను. అయితే సభలో చెప్పిన వాక్యాన్ని తెచ్చి పాటలో పదేపదే వినిపించడం పాట చేయవలసిన పనిని ప్రసంగానికి అప్పజెప్పడం అవుతుంది. 'మామా సేస్' వినండి. అందులో ఒక్క నినాదం కూడా లేదు, ఒక తల్లి, ఆమెను చూస్తున్న కూతుళ్లు తప్ప. కానీ ఆ పాట విన్నాక భర్త పోయిన ఆడమనిషి గురించి నాకు తెలిసింది ఏ ప్రసంగమూ చెప్పలేదు. రాజకీయం పాటలోకి రావడానికి నేను వ్యతిరేకిని కాను. 'డెత్‌లెస్'లో వచ్చిన తీరు నాకు నచ్చింది, ఎందుకంటే అక్కడ ఒక సంచీ ఉంది, ఒక అమ్మాయి ఉంది. ఈ పాటలో మాత్రం మాటే ఉంది, మనిషి కనబడలేదు.

దేవుని_కడప_సుధ
ఈ ఒక్క విషయంలో రాయి గారి మాటలో బలం ఉంది. అయినా పదో తరగతి ఆడపిల్లలకు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాట చెబుతాను. నేరుగా చెప్పిన వాక్యం కావలసిన వయసు ఒకటి ఉంటుంది. మా పిల్లలకు ఈ పాట వినిపించి ఆ వాక్యం తెలుగులో చెబితే ఇద్దరు ముగ్గురు దాన్ని నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నారు. 'మామా సేస్' వినిపిస్తే మర్యాదగా విన్నారు, అంతే.

గుత్తి_కోట_రాగం
ఆటోట్యూన్ గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు, నేను సంగీతం నేర్పేవాణ్ణి కనుక ఆ భాగం రాస్తాను. 1997లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ అసలు పని శ్రుతి తప్పిన స్వరాన్ని దగ్గరి స్వరస్థానానికి జరపడం. ఎంత వేగంగా జరపాలన్నది మనం పెట్టుకోవచ్చు. నెమ్మదిగా పెడితే వినేవాడికి తెలియదు. బాగా వేగంగా పెడితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి మొత్తం తెగిపోయి, గొంతు మెట్టు నుంచి మెట్టుకు ఎగిరినట్టు వినిపిస్తుంది. మన సంగీతానికి ప్రాణం ఆ జారుడులోనే, గమకంలోనే ఉంది కాబట్టి మనవాళ్ల చెవికి అది వెంటనే గుచ్చుకుంటుంది. వీణ గారికి నచ్చకపోవడానికి కారణం ఆమె చెవిలో ఉన్న సాధనే అని నా నమ్మకం, అది లోపం కాదు.

అయితే 'మీ వోయ్'లో దాన్ని శ్రుతి సరిచేయడానికి వాడలేదు. ఇద్దరూ శ్రుతిలో నిక్కచ్చిగా పాడేవాళ్లే, మొదటి ఆల్బమ్ అందుకు సాక్ష్యం. వాళ్లు స్పానిష్‌లో పాడిన తొలి పాట అది, తాను వెళ్లిపోతున్నానని చెప్పే పాట, డ్యాన్స్ పాట. అందులో ఆ లోహపు గొంతును ఒక వేషంగా వేసుకున్నారు. అదే ఆల్బమ్‌లో 'వాలే' వినండి, లాలిపాట అది, అందులో గొంతులు ఎంత మెత్తగా ఒకదాని మీద ఒకటి వాలుతాయో తెలుస్తుంది. గమకం ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీసేయాలో తెలిసినవాళ్లు చేసిన పని ఇది. నాకు 'మీ వోయ్' గొప్పగా నచ్చలేదు, కానీ చేతకాక చేశారని మాత్రం అనను.

పెన్నా_ఒడ్డు
రాగం గారికి దండం. పదేళ్లుగా మిక్సర్ ముందు కూర్చుంటున్నాను, ఆటోట్యూన్ గురించి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

నల్లమల_నడక
ఒక సందేహం. ఇన్ని కోపాలు, ఇన్ని చావులు ఉన్న ఆల్బమ్‌లో నాట్యం చేయించే దరువు ఎందుకు? కోపమైతే కోపంగా, దుఃఖమైతే దుఃఖంగా ఉండాలి కదా. 'అవే అవే' వింటే కాలు ఆడుతుంది, మాటలు చూస్తే బాధ. చివర్లో యోరుబా మంత్రం లాంటిది వస్తుంది. నాకు ఈ కలయిక ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు.

తాడిపత్రి_దరువు
నడక గారూ, ఎప్పుడైనా నార్పల దగ్గర గూగూడుకు పీర్ల పండుగకు వెళ్లారా? వెళ్లి ఉంటే ఈ సందేహం వచ్చేది కాదు. అక్కడ కుళ్లాయిస్వామి దగ్గరికి హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా జనం వస్తారు. పండుగకు మూలమేమో హసన్, హుసేన్‌ల మరణం. పాడే పాటలు వాళ్లు పడ్డ బాధల గురించే. కానీ డప్పులు మోగుతుంటే గుండం చుట్టూ అడుగులు వేస్తూ, చెమటలు కారుతుంటే పాడతారు. తెల్లవారుజామున అగ్నిగుండంలో నడుస్తారు. చావును తలుచుకునే పండుగలో కాలు ఊరుకోకపోవడం మన సీమలో పిల్లలకు కూడా తెలిసిన విషయం. దుఃఖం కూర్చోబెట్టేది మాత్రమే కాదు, లేపి నిలబెట్టేది కూడా. యోరుబా వాళ్ల దేవతలకు కూడా పాట, డ్రమ్ము, నాట్యం వేరువేరు కావు, మూడూ కలిస్తేనే పూజ. ఆ సంప్రదాయంలో పెరిగిన పిల్లలు కోపం వచ్చినప్పుడు బీటును తగ్గిస్తారని మనం ఎలా అనుకుంటాం?

బురుజు_కర్నూలు
ఈ పోస్టుతో నా మొదటి పోస్టులోని మాటకు అసలైన రూపం దొరికింది. మొదటి ఆల్బమ్‌లో చావు గదిలో కూర్చుని ఉంది, రెండో ఆల్బమ్‌లో అది వీధిలోకి వచ్చి నడిచింది. చీకటి పెరిగిందనడం కంటే ఆ చీకటిని నలుగురిలో మోసుకుని తిరిగే ధైర్యం పెరిగిందనడం నాకు సరిగ్గా అనిపిస్తోంది.

ఓర్వకల్లు_రాయి
గూగూడు ఉదాహరణ బాగుంది, దరువు గారూ. దాని మీద ఒక ప్రశ్న వేయనివ్వండి. అక్కడ డప్పు వాయించేవాడు మన కళ్ల ముందు ఉంటాడు, అలిసిపోతాడు, లయ కొంచెం జారుతుంది, మళ్లీ అందుకుంటాడు. కంప్యూటర్ బీట్ అలసిపోదు. 'యాష్'లో నాకు లోటుగా అనిపించేది ఆ అలసట.

తాడిపత్రి_దరువు
మంచి ప్రశ్న. జవాబు కావాలంటే వాళ్ల ప్రత్యక్ష ప్రదర్శనల వీడియోలు చూడండి. వేదిక మీద ఇద్దరే ఉంటారు. లీసా ముందు కీబోర్డు, నయోమీ ముందు కహోన్, బటా, వాటి పక్కన శాంపిల్ ప్యాడ్. ఎలక్ట్రానిక్ దెబ్బలను కూడా ఆమె వేళ్లతో, అరచేతులతో కొట్టి పలికిస్తుంది, కొన్నిసార్లు తన తొడ మీద, గుండె మీద చరుస్తుంది. రికార్డులో మీకు కంప్యూటర్ అనిపించే దెబ్బ అక్కడ ఆమె మణికట్టు నుంచి వస్తుంది. 'డెత్‌లెస్' చివర్లో జనం చేత పల్లవి పాడిస్తూ లీసా వేదిక ముందుకు వచ్చేస్తుంది, అప్పుడు మీరు అడుగుతున్న అలసట ఇద్దరి ముఖాల్లోనూ కనిపిస్తుంది.

ఓర్వకల్లు_రాయి
చూస్తాను. ప్రసంగం పాట విషయంలో మాత్రం నా మాట మారదు.

అనంత_వీణ
మొత్తం పోస్టులన్నీ చదివి, హెడ్‌ఫోన్‌లో ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా విని రాస్తున్నాను. పెన్నా అన్న చెప్పిన ఆ మొదటి పాటలో గొంతులు తెగే చోటు ఇప్పుడు స్పష్టంగా వినిపించింది. ఫోనులో అది ఏదో సిగ్నల్ అందక ఆగినట్టు ఉండేది. 'డెత్‌లెస్' ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పాటల్లో చేరింది. 'ట్రాన్స్‌మిషన్'లో వాళ్లమ్మ చదివే చోట భాష తెలియకపోయినా ఆ గొంతులోని నిదానానికి కట్టుబడిపోయాను. చెల్లీ అక్కా పాడుతుంటే మధ్యలో అమ్మ గొంతు రావడం, అదీ నాన్న లేని ఇంటి పిల్లల ఆల్బమ్‌లో రావడం, నా వరకు ఈ ఆల్బమ్‌కు నడిబొడ్డు అదే. 'వెన్ విల్ ఐ లెర్న్'లో పియానో మళ్లీ దొరికింది, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

'మీ వోయ్' మాత్రం నచ్చలేదు. రాగం మాస్టారు వేషం అన్నారు, ఆ వేషం నాకు వద్దు. 'నంబ్' తరువాత నేరుగా 'యాష్'తో ముగించడం కూడా బరువు ఎక్కువైంది అనిపించింది, ఆ రెండింటి మధ్య 'వాలే' పెట్టి ఉంటే బాగుండేది.

గుత్తి_కోట_రాగం
'వాలే'ను చివరికి తెస్తే ఆల్బమ్ జోల పాడి పడుకోబెట్టినట్టు అయిపోతుంది. వాళ్లకు వినేవాళ్లను పడుకోబెట్టే ఉద్దేశం లేదు. నా మట్టుకు ఇప్పుడున్న వరుసే సరైనది.

అనంత_వీణ
మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది. నా ఫోనులో మాత్రం నా వరుసలోనే పెట్టుకున్నాను.

నల్లమల_నడక
దీని తరువాత వాళ్లు ఎటు వెళ్లారు? ఇంకా చీకటేనా?

బురుజు_కర్నూలు
2022లో 'స్పెల్ 31' వచ్చింది. పాత ఈజిప్టు మృతుల గ్రంథంలోని ఒక మంత్రం పేరే ఆల్బమ్ పేరు. అదీ రిచర్డ్ రస్సెల్‌తోనే చేశారు. బ్లాక్ ఫ్లాగ్ అనే అమెరికన్ పంక్ బృందం పాట 'రైజ్ అబవ్'ను తీసుకుని పూర్తిగా తమ తీరులోకి మార్చారు. అందులో కోపం కంటే గాయం మానడం గురించి ఎక్కువ ఉంటుంది. నా సలహా ఏమిటంటే 'యాష్' ఒంటికి పట్టే దాకా దాని జోలికి వెళ్లవద్దు. మధ్యది విడిచి మూడోది వింటే ఏ గాయం మానుతోందో తెలియదు.

దేవుని_కడప_సుధ
నేను బురుజు గారితో ఏకీభవించను. మా పిల్లల్లో ఒక అమ్మాయి మూడోదానితో మొదలుపెట్టి వెనక్కి వచ్చి 'యాష్' వింటోంది. మొన్న వచ్చి 'డెత్‌లెస్' పల్లవి తెలుగులో ఎలా పాడుకోవచ్చని అడిగింది. ఎటు నుంచి వచ్చినా ఆ పాట దగ్గరికి వస్తే చాలు. పల్లవికి తెలుగు మాటలు నేను కడుతున్నాను, రాగం గారూ, బాణీకి సరిపోయాయో లేదో మీరు చూసి చెప్పాలి.

గుత్తి_కోట_రాగం
పంపండి సుధ గారూ. పల్లవి మొదటి అక్షరం దీర్ఘం పడేలా చూడండి, ఆ బాణీలో మొదటి స్వరం మీద నిలబడాలి, హ్రస్వమైతే ఆగదు. పిల్లలందరూ కలిసి పాడేదైతే శ్రుతి కొంచెం దించుకోండి.